అరుగు దాకానా, చూరు దాకానా?

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాల్సిందే గానీ, నాకిచ్చిన అరగంటలో శాలువాలకే కొంత పోయింది. పెద్దలు మన్నించాలి. పిల్లలూ, మీకు మాత్రం వేరుగా నమస్కారం. నేను వచ్చింది మీకోసం.

ఇవాళ మార్చి 23. ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పందం 1950లో ఇదే రోజున అమల్లోకి వచ్చింది, అందుకే ఏటా ఈ దినోత్సవం. 'వాతావరణ విజ్ఞానం, యువత' అన్నది నాకిచ్చిన అంశం. 1875లో మన వాతావరణ శాఖ పుట్టిన దగ్గర్నించి ఈనాటి ఉపగ్రహాల దాకా నాలుగు కాగితాలు రాసుకొచ్చాను. అయితే ఇందాక గేటు దగ్గర ఒక అమ్మాయిని "ఏ ఊరమ్మా?" అని అడిగాను. శబరి ఒడ్డున ఒక ఊరి పేరు చెప్పింది. ఆ పేరు విన్నాక కాగితాలు జేబులో పెట్టేశాను. ఆ ఊరి సంగతే చెప్తాను.

1986 ఆగస్టు. నాకప్పుడు 24 ఏళ్లు. అంతకు ముందు ఏడాదే మండలాలు వచ్చాయి. మండలాఫీసులో నాకు అప్పజెప్పిన పనుల్లో వాన కొలవడం ఒకటి. ఆఫీసు వెనక కంచె వేసిన జాగాలో రెయిన్ గేజి. పొద్దున్న ఎనిమిదిన్నరకి మూత తీసి, సీసాలో నీళ్లు కొలగ్లాసులో పోసి, కంటికి సమానంగా పట్టుకుని చూసి, రిజిస్టర్లో రాసి, పైకి చెప్పాలి. పండగైనా జ్వరమైనా ఎనిమిదిన్నరే. నాకు ఆ పని ఇష్టం. ఇప్పటికీ ఆ వేళకి చేతులు ఊరుకోవు.

ఆ రోజు పోలీసు స్టేషన్ వైర్‌లెస్ సెట్టులో కబురొచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి 55 అడుగులు దాటింది, ఇంకా పెరుగుతుంది, ఒడ్డు ఊళ్ల వాళ్లని పైకి పంపండి అని. నాకు సైకిలుంది, వయసుంది. నన్ను పంపారు. దారిలో రెండు చోట్ల సైకిలు భుజానికెత్తుకుని నడిచాను. ఊరు చేరేసరికి వాన తెరిపిచ్చింది. పొలంలో ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. శబరి గట్టు కిందే ఉంది, ఇంకా రేవు మెట్లు కనపడుతున్నాయి.

మొదటింట్లో ఒక పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. "పెద్దమ్మా, భద్రాచలంలో 55 అడుగులు దాటింది, గుట్ట మీదికి పొండి" అన్నాను. ఆమె నా వంక చూసి, చాలా నెమ్మదిగా, "55 అడుగులంటే మా అరుగు దాకానా, చూరు దాకానా అయ్యా?" అంది.

పిల్లలూ, ఇంతకన్నా మంచి ప్రశ్న నా ఉద్యోగంలో నన్నెవరూ అడగలేదు. దానికి నేను చెప్పిన జవాబు "ఏమో పెద్దమ్మా." తెలియదు నాకు. నన్ను పంపిన ఆఫీసరు గారికీ తెలియదు. ఆ కబురు పంపిన వాళ్లకీ తెలియదు. అరుగు దాకా అయితే ధాన్యం అటక ఎక్కించి, మంచం ఎత్తుకుంటే చాలు. చూరు దాకా అయితే గొడ్లు విప్పి, పిల్లల్ని తీసుకుని అప్పుడే గుట్ట ఎక్కాలి. ఈ రెండింట్లో ఏది చెయ్యాలో చెప్పని మాటని నేను సైకిలు మీద అంత దూరం మోసుకెళ్లాను.

ఆమె ధాన్యం అటక ఎక్కించింది. రాత్రి నీళ్లు చూరు దాకా వచ్చాయి. మనుషులు తెప్పల మీద బయటపడ్డారు. గొడ్లు కట్టుగొయ్యల దగ్గరే ఉండిపోయాయి. తాళ్లు కోసే వ్యవధి లేదు. నాలుగు రోజుల తరవాత ఆ ఊరు మళ్లీ వెళ్లాను. ఆమె నన్నొక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆగస్టు 16న భద్రాచలంలో గోదావరి 75.6 అడుగులకి చేరింది. ఇప్పటికీ అదే రికార్డు.

శబరి సంగతి ఇక్కడే చెప్పాలి, లేకపోతే బయటి ఊళ్ల నుంచి వచ్చిన అధ్యాపకులకు ఇది అర్థం కాదు. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీళ్లకి దారి దొరకదు. నీళ్లు ఆగుతాయి, తరవాత వెనక్కి ఎక్కుతాయి. ఎగపోటు అంటాం. పైన ఎండ కాస్తుంటుంది, నీళ్లలో సుడి ఉండదు, చప్పుడుండదు. వెనకవైపు వాగుల్లోంచి, కాలవల్లోంచి ఊరి వీపున వచ్చి నిలబడుతుంది. ఆ వాన మన దగ్గర పడింది కాదు. వార్ధా, వైన్‌గంగా నీళ్లు ప్రాణహితలో చేరి కాళేశ్వరం దగ్గర కలిసినవి, బస్తరు వానలు ఇంద్రావతిలో వచ్చినవి. మన జిల్లా వాన సూచన చూసుకుని, ఇవాళ పొడి వాతావరణం అన్నారు కదా అని నిద్రపోయిన వాడి మంచం కిందికి వచ్చేది ఆ నీరు.

మనకి వచ్చే వరదలు రెండు రకాలు. గోదావరి కబురు పెట్టి వస్తుంది. పేరూరు, ఏటూరునాగారం దగ్గర కేంద్ర జల సంఘం వాళ్లు నది మట్టం చూపే గేజీలు చూస్తారు, భద్రాచలానికి ఎంత రాబోతుందో ముందే చెప్తారు, చాలాసార్లు సరిగ్గా చెప్తారు. మొదటి హెచ్చరిక 43 అడుగులకి, రెండోది 48కి, మూడోది 53కి. ఇక్కడ చిన్నపిల్లాడికి కూడా ఈ మూడు అంకెలూ వచ్చు. వాగు మాత్రం కబురు పెట్టదు. 2023 జూలై 27 పొద్దున్న ఎనిమిదిన్నరకి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల వాన 649.8 మిల్లీమీటర్లు. వాన కొలిచిన వాణ్ని, ఆ అంకె విని కూర్చుండిపోయాను. ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే నాలుగు వేల లీటర్లు. లెక్క కట్టుకోండి, ఎకరానికి 26 లక్షల లీటర్లు. ఆ వానకే మోరంచపల్లి మునిగింది, జనాన్ని హెలికాప్టర్లలో తీశారు. జంపన్నవాగు పొంగి కొండాయిలో ప్రాణాలు పోయాయి. అవి భద్రాచలం గేజి చూసుకుని తప్పించుకోగలిగిన వరదలు కావు.

వాగులకి వాన సూచనే దిక్కు. దాని భాష ఎలా ఉంటుందో చూడండి. 'జిల్లాలో ఒకటి రెండు చోట్ల భారీ నుంచి అతి భారీ వర్షాలు.' ఇందులో ప్రతి మాటకీ ఖచ్చితమైన అర్థం ఉంది. ఒకటి రెండు చోట్ల అంటే నిజంగా ఒకటి రెండు కాదు, కొలత కేంద్రాల్లో పాతిక శాతం దాకా. భారీ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి. అతి భారీ 115.6 నుంచి. 204.4 దాటితే అత్యంత భారీ. రాసిన శాస్త్రవేత్తకి ఇది స్ఫటికంలా స్పష్టం. విన్న రైతు ఏమనుకుంటాడు? "ఒకటి రెండు చోట్లేగా, మన దగ్గర కాదులే" అనుకుంటాడు. తప్పెవరిదని నేను అడగట్లేదు. ఆ శాస్త్రవేత్తల మీద నాకు గౌరవముంది. వాళ్లకీ ఇక్కడి ఆకాశం సరిగా కనపడదు. విశాఖ, మచిలీపట్నం, హైదరాబాదుల్లో రాడార్లున్నాయి. భూమి గుండ్రం కాబట్టి దూరం పోయేకొద్దీ రాడారు కిరణం పైకి లేస్తుంది. 200 కిలోమీటర్ల దగ్గర నేలకి నాలుగు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. కింద కొండల నడుమ కురిసేదాన్ని అది సగమే చూస్తుంది. అందుకే నేలమీద ఎనిమిదిన్నరకి కొలగ్లాసు పట్టుకునే మనిషి ఇంకా కావాలి. ఉద్యోగం చేసిన వాణ్ని కాబట్టి చెప్పట్లేదు, నిజంగానే కావాలి.

తీరం వాళ్లని చూడండి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తరవాత అక్కడ తుపాను రక్షణ కేంద్రాలు కట్టారు. రేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేస్తారు, ఒకటి నుంచి 11 దాకా. పదో నంబరు ఎగిరిందంటే చదువురాని జాలరికి కూడా వల ఎక్కడ పెట్టాలో, పిల్లల్ని ఎక్కడికి చేర్చాలో తెలుసు. అంకె వినగానే కాళ్లు కదులుతాయి. మరి మనకి? సముద్రం లేని వాళ్లం కాబట్టి ఆపద లేదనుకున్నారా? ఒక్కసారి చెప్పండి, ఈ హాల్లో ఎంతమందికి 2022లో ఇంట్లోకి నీళ్లొచ్చాయి? చేతులెత్తండి.

చూశారా సార్? సగానికి పైనే.

2022 చెప్తాను. ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా కొత్తగా వచ్చింది, పాడేరు కేంద్రంగా. మన వైపు చింతూరు నుంచి అక్కడికి 200 కిలోమీటర్ల పైమాటే. జూలైలోనే వరద. ఆషాఢంలో ఇంత గోదావరి ఏమిటని ముసలివాళ్లే ఆశ్చర్యపోయారు, పెద్ద వరదంటే శ్రావణం తరవాతే అని వాళ్ల లెక్క. జూలై 16న 71.3 అడుగులు. అప్పటికి నేను రిటైరయ్యాను. ముందు రోజు రాత్రి, 86లో నేను సైకిలు మీద వెళ్లిన ఆ ఊరి నుంచే ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "సారూ, 70 దాటొచ్చు అంటున్నారు, మా స్లాబు మీదికి వస్తుందా? ముసలమ్మని పైన ఉంచమంటారా, తీసుకుపోమంటారా?"

36 ఏళ్లు. చూరు పోయి స్లాబు వచ్చింది. వైర్‌లెస్ పోయి చేతిలో ఫోనొచ్చింది, ఆకాశంలో ఉపగ్రహాలొచ్చాయి. ప్రశ్న అదే. నా దగ్గర జవాబూ అదే. ఏమో బాబూ. 86 కన్నా భద్రాచలంలో నాలుగడుగులు తక్కువ రావచ్చు, ఆ నాలుగడుగులు ఆ ఊళ్లో ఎంతవుతాయో చెప్పగలిగిన మనిషి లేడు. తెలియనప్పుడు పోవడమే మేలు, తీసుకుపొమ్మన్నాను. తీసుకుపోయాడు. తరవాత ఫోను కలవలేదు. నీళ్లు ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గరికొస్తే కరెంటు తీసేస్తారు, తియ్యాలి కూడా. కరెంటు పోతే కాసేపటికి టవరు పోతుంది. మూడు రోజులకి గానీ వాళ్లు క్షేమమని తెలియలేదు.

ఆ మూడు రోజుల్లో ఒక ఆఫీసుకి ఫోన్ చేశాను. ఏ ఆఫీసో అనవసరం. "మీ ఊరు ఆంధ్రలో కదండీ, అక్కడే అడగండి" అన్నారు. అడిగితే, "గేజి తెలంగాణలో కదండీ, అంకె వాళ్లనడగండి" అన్నారు. 2014లో ఏడు మండలాలు అటు నుంచి ఇటు వచ్చాయి. గేజి ఉన్న భద్రాచలం పట్నం అక్కడే ఉంది. దాని కింద మునిగే ఊళ్లు ఇక్కడున్నాయి. గోదావరికి ఈ గీత తెలియదు. ఎవరి మీదా కోపంతో చెప్పట్లేదు... లేదు, కోపంతోనే చెప్తున్నాను. ఆ మూడు రోజులూ నాకు తిండి సహించలేదు.

ఒక్క మాట. 30 ఏళ్లకి పైగా పొద్దున్నే ఒక అంకెని పైకి పంపాను. ఎన్నడూ పైనుంచి ఆ ఊరికి పనికొచ్చే అంకె ఒక్కటీ కిందికి రాలేదు. భద్రాచలం అడుగులు వచ్చాయి, జిల్లా సగటు వచ్చింది, పసుపు, నారింజ, ఎరుపు రంగులు వచ్చాయి. అరుగు రాలేదు. చూరు రాలేదు.

టైము అయిందని సార్ చెయ్యి చూపిస్తున్నారు. అయిదు నిమిషాలివ్వండి సార్, అసలు పని చెప్పలేదు ఇంకా.

పిల్లలూ, ఆ జవాబు తయారు చెయ్యడం పెద్ద శాస్త్రం కాదు. 2022 బురద గీతలు మీ ఊరి గోడల మీద ఇంకా ఉన్నాయి. సున్నం కొట్టకముందే వాటిని గుర్తుపెట్టాలి. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపు ఉంటుంది కదా, దానితో ఆ గీతని బడి గోడ మీదికి తేవచ్చు. ఇక వచ్చే వానాకాలం ఒక నోటుబుక్కు పెట్టండి. ఊరి రోడ్డు తెగింది ఎన్ని గంటలకి, రేవు పై మెట్టు మునిగింది ఎన్ని గంటలకి, బడి మెట్టు తడిసింది ఎన్ని గంటలకి. ఆ గంటకి భద్రాచలంలో మట్టమెంతో రాసుకోండి, అది అందరికీ దొరికే అంకే. శబరి ఊళ్ల వాళ్లు ఎగువన ఛత్తీస్‌గఢ్‌లోని కుంట దగ్గర మట్టం కూడా రాసుకోవాలి, ఒక్క గోదావరి అంకె మనకి చాలదు. మా ఊరి పడమటి రోడ్డు మొదటి హెచ్చరిక రాకముందే తెగుతుంది. అంటే 43 వచ్చేదాకా ఆగిన గర్భిణీ స్త్రీకి ఆసుపత్రికి పోయే దారుండదు. ఇలాంటివి మీ ఊరికి ఎన్నున్నాయో మీకే తెలుసు. రెండు మూడు వరదలకి పట్టిక తయారవుతుంది. అప్పుడు డప్పు కొట్టే అతను, భద్రాచలంలో ఇంత వస్తుందట అని ఊరుకోడు. 'రాత్రికి బడి మెట్టు, తెల్లారేసరికి రామాలయం అరుగు, గొడ్లు విప్పండి' అని చాటుతాడు.

ప్రిన్సిపాల్ గారూ, మీకొక విన్నపం. ఇందాక కప్పిన శాలువా తిరిగి ఇచ్చేస్తాను, దాని బదులు ఒక 50 మీటర్ల నీళ్ల పైపు కొనిపెట్టండి. పెయింటు నేను తెస్తాను. ఆయిల్ పెయింటే తేవాలి, సున్నపు గీత ఒక్క వానకి పోతుంది.

గేటు దగ్గర కనపడిన అమ్మాయి ఎక్కడుందో... ఆఁ, వెనక వరసలో. అమ్మా, వచ్చే ఆదివారం మీ ఊరు వస్తున్నాను. ఊరి మొదట్లో, కుడిచేతి వైపు, పాత అరుగు ఉన్న ఇల్లు ఒకటి ఉండాలి. ఇప్పుడు దాని మీద ఏం కట్టారో నాకు తెలియదు. అందులో ఉన్నవాళ్లని అడిగి ఉంచు, మొదటి గీత వాళ్ల గోడ మీద గీయొచ్చా అని.