బోరు మోటారు ఆగకముందే వేసుకోవలసిన లెక్క

నమస్కారం. మేము కొన్న ఇంటికి కుళాయి కనెక్షన్ లేదు, పెరట్లోని బోరే ఆధారం. ఆ బోరు మంచిచెడ్డలన్నీ ఇంటి యజమానివేనన్న సంగతి, పోయిన నెల ఒక ఉదయం నీళ్లు ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు గానీ నాకు బోధపడలేదు. మోటారు కాలిపోయిందనే అనుకున్నాను. మెకానిక్ వచ్చి చూస్తే, నీటి ఒత్తిడిని బట్టి మోటారును నడిపి ఆపే ప్రెజర్ స్విచ్ కాంటాక్టులు మాడిపోయాయి, అంతే. చిన్న ఖర్చుతో బయటపడ్డాం. అయితే మోటారుకు 11 ఏళ్లు నిండాయని ఆయన గుర్తు చేశారు. సబ్‌మెర్సిబుల్ పంపులు, అంటే నీటిలో మునిగి పనిచేసేవి, సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లు పనిచేస్తాయి కాబట్టి, కొత్తది వేయడానికి ఎంతవుతుందో లెక్క వేయడానికి ఆ రోజే కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను.

మొదట నేను పంపు ధర ఒక్కటే రాసుకున్నాను, అదే పొరపాటు. పంపు ఎంత లోతున వేలాడుతోందో అంత పొడవు పైపును పైకి లాగి మళ్లీ దించాలి కనుక, కూలి, యంత్రం అద్దె కలిసి పంపు ధరతో పోటీ పడతాయి. ఒకసారి పైకి తీశాక పాత కేబులును, తుప్పు పట్టిన పైపును, అరిగిన చెక్ వాల్వును (నీళ్లు వెనక్కి జారకుండా ఆపేది) తిరిగి లోపలికి దించడం పొదుపు అనిపించుకోదు. రెండేళ్లకు వాటిలో ఏది చెడినా ఆ కూలి మళ్లీ మొదటి నుంచి కట్టుకోవలసిందే.

హార్స్ పవర్ విషయంలోనూ నాకొక అపోహ ఉండేది: పంపు ఎంత లోతున ఉంటే అంత పెద్ద మోటారు కావాలని. పంపు 200 అడుగుల లోతున ఉన్నా, నడిచేటప్పుడు నీటి మట్టం 100 అడుగుల దగ్గర నిలిస్తే, అది నీటిని ఎత్తవలసింది ఆ 100 అడుగులే. దానికి, నీటిని ఒత్తిడితో నిల్వ ఉంచి కుళాయిలకు పంపే ప్రెజర్ ట్యాంకులోని ఒత్తిడిని కలపాలి. 50 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 50 పౌండ్ల ఒత్తిడి) అంటే సుమారు 115 అడుగుల ఎత్తుతో సమానం కాబట్టి మొత్తం 215 అడుగులు, ఆపైన పైపుల్లో రాపిడి నష్టం. అవసరానికి మించిన మోటారు పెడితే, ఊట తక్కువగా ఉన్న బోరు త్వరగా అడుగంటి, పంపు నీళ్లు లేకుండా తిరిగి పాడవుతుంది.

ప్రెజర్ ట్యాంకును కూడా లెక్కలో చేర్చాను. లోపలి రబ్బరు సంచి చిరిగితే, కుళాయి తిప్పిన ప్రతిసారీ మోటారు కొన్ని సెకన్లకోసారి ఆగుతూ, మొదలవుతూ ఉంటుంది. ఆ ట్యాంకుకే కొత్త మోటారును తగిలిస్తే దాని ఆయుష్షు కూడా తరిగిపోతుంది. పని పూర్తయ్యాక బోరులో క్లోరిన్ కలిపి శుద్ధి చేయించడానికి, ఆ తర్వాత నీటిని పరీక్షకు పంపడానికి అయ్యే ఖర్చును చివర్లో రాశాను. నిజానికి ఇది నాకు తట్టలేదు, మా ఆవిడే గుర్తు చేసింది.

ఇద్దరు ముగ్గురిని కొటేషన్లు అడిగేటప్పుడు పంపు, పైపు, కేబులు, కూలి విడివిడిగా రాసివ్వమని కోరుతున్నాను, ఎందుకంటే మొత్తం ఒక్కటే చెబితే దేనిని దేనితో పోల్చాలో తెలియదు. వచ్చిన అంచనాకు ఐదో వంతు అదనంగా కలిపి, ఈ మోటారు ఇంకో రెండేళ్లే నడుస్తుందనుకుని 24 భాగాలు చేశాను. నెలకొక భాగం వేరే ఖాతాలోకి వెళుతోంది. బోరు లోతు, నీటి మట్టం, పంపు వేలాడే లోతు, హార్స్ పవర్, వోల్టేజీ, బిగించిన సంవత్సరం రాసిన చీటీని కంట్రోల్ బాక్సు మూత లోపలి వైపు అతికించాను.