రాయి అనుకుని ఏరితే మొక్క తేలింది

అందరికీ నమస్కారమండి. వెనకాల ఉన్నవాళ్ళు కాస్త ముందుకి వచ్చేయండి, ఎందుకంటే నేను తెచ్చిన మొక్క రూపాయి బిళ్ళంతే, పైగా గులకరాళ్ళలో కలిసిపోయింది. ముందు ఈ మొక్క ఎండు కాయ మీద రెండు చుక్కలు నీళ్ళేసి పక్కన పెడుతున్నా, దాని సంగతి తర్వాత.

దీని పేరు లిథాప్స్. 1811లో విలియం బర్చెల్ అనే ఆయన దక్షిణాఫ్రికాలో ప్రీస్కా దగ్గర తిరుగుతా, ఇదేదో వింత రాయిలా ఉందే అని తీస్తే అది మొక్కట! పేరు మాత్రం 1922లో ఎన్.ఇ. బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టారు, గ్రీకులో రాతి మొహం అని అర్థం.

దీనికి ఉండేవి రెండే ఆకులు, అవి కూడా చాలావరకు మట్టిలోనే. మరి ఎండ ఎలా అందుతుంది? నా దగ్గర పాడైపోతున్న మొక్క ఒకటుంటే బ్లేడుతో నిలువుగా కోసి చూశా, లోపలంతా తాటిముంజలాగా నిగనిగలాడతా ఉంది, పచ్చదనం మాత్రం పక్క గోడలకి లోపలివైపు పల్చగా అంటుకుని ఉంది. పైన చదునుగా కనపడేది కిటికీ అన్నమాట, ఎండ అందులోంచి దూరి, ఆ ముంజ గుండా మెత్తబడి కిందకి దిగుతుంది. గాలి కోసం రంధ్రాలు తెరిచేది కూడా రాత్రిపూటే, పగలు తెరిస్తే ఉన్న నీళ్ళు ఆవిరైపోతాయి కదా.

ఈ మొక్క పెరిగే చోటా సముద్రం ఉంది, కానీ మన వైజాగ్‌లా ఉక్క పోయించే సముద్రం కాదు. నమీబియా తీరంలో లూడెరిట్జ్ వైపు ఆప్టికా అనే రకం ఉంటుంది, అక్కడ బెంగ్వెలా అనే చల్లటి ప్రవాహం వల్ల వాన అరుదు, పొగమంచు ఎక్కువ.

ఇక నా ఘనకార్యం. మొదటి మూడింటినీ నేనే చంపేశా. చలికాలంలో ఆకులు ముడతలు పడుతుంటే అయ్యో దాహమేస్తుందని రోజూ నీళ్ళు పోశా. తీరా చూస్తే లోపల కొత్త జత ఆకులు పాత ఆకుల్లో నీళ్ళు తాగి పెరుగుతాయట, పాతవి ఉల్లిపొరలా ఎండిపోయేదాకా మనం ముట్టుకోకూడదు! ఇక వైజాగ్ వానలంటారా, జూన్ నుంచి నవంబర్ దాకా కుండీని రేకు కిందే పెట్టండి, మట్టిలో సగానికి పైగా గరుకు ఇసుకా చిన్న రాళ్ళే ఉండాలి. బీచ్ ఇసుక మాత్రం తేకండి బాబూ, ఉప్పు.

ఆ, కాయ చూడండి, విచ్చుకుంది! ఎండినంత కాలం మూసుకుని, తడిస్తేనే నక్షత్రంలా తెరుచుకుంటుంది, వాన చినుకు పడ్డ దెబ్బకి గింజలు చింది బయట పడతాయి, ఆరగానే మళ్ళీ మూసేసుకుంటుంది. చేతుల మీదుగా వెనక్కి పంపిస్తున్నా, దయచేసి ఎవరూ తుమ్మకండి, గింజలు దుమ్ములా ఉంటాయి.