తడిసినా వెలుగుతున్న కాటాతోనే జాగ్రత్త

(కర్నూలులో రైతులు, మండీ వ్యాపారులు, హమాలీలు, కాటా మెకానిక్కులు కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఉల్లిగడ్డల సీజన్ ముందు వానకు తడిసే ఎలక్ట్రానిక్ కాటాల విషయం మాట్లాడుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను, ఎందుకంటే మన యార్డుకు గడ్డలు జోరుగా వచ్చే నెలలూ వానలు పడే నెలలూ ఒకటే. పత్తికొండ టమోటా మార్కెట్లోనైనా, అనంతపురం పక్కన కక్కలపల్లి మార్కెట్లోనైనా అంతే, కాటా ఆరుబయటే ఉంటుంది. చినుకు పడగానే అందరం పరిగెత్తి గోతాల మీద పట్ట కప్పుతాం. కాటా మీద ఎవరూ కప్పరు. ఎందుకన్నా అని అడిగితే "అది వాటర్‌ప్రూఫ్ లే" అంటారు.

నీళ్లు లోపలికి పోయి కాటా చచ్చిపోతే పెద్ద బాధ లేదు. డిస్‌ప్లే వెలగదు, పక్క షాపు కాటా తెచ్చుకుంటారు, రిపేరుకు డబ్బులు పోతాయి, అంతే. అసలు నష్టం చేసేది లోపల తడిసి కూడా వెలుగుతూ, అంకెలు చూపిస్తూ, తూస్తూ పోయే కాటా. దాని మీద ఎవరికీ అనుమానం రాదు. ఆ రోజు దాని మీదికి ఎక్కిన ప్రతి గోతానికీ ఎవరో ఒకరు డబ్బు పోగొట్టుకుంటూనే ఉంటారు.

ఎందుకలా అవుతుందో చూపించడానికే ఈ లోడ్‌సెల్, అంటే కాటాలో పళ్లెం కింద ఉండి బరువును కొలిచే భాగం, తెచ్చాను. ముందు వరుసలో వాళ్లు చూసి వెనక్కి అందించండి. అల్యూమినియం దిమ్మె, మధ్యలో రంధ్రం, దాని మీద తెల్లగా రబ్బరులాంటి సిలికాన్ పూత. ఆ పూత కింద సన్నని రేకు గేజీలు నాలుగు అతికించి ఉంటాయి. బరువు పడితే దిమ్మె కంటికి కనపడనంత వంగుతుంది, ఆ వంపుకు గేజీల్లో కరెంటుకు తగిలే అడ్డు కొద్దిగా మారుతుంది, కాటా కొలిచేది ఆ మార్పునే. ఎంత కొద్దిగా అంటే, 100 కిలోల లోడ్‌సెల్‌కు 5 వోల్టులు ఇచ్చి నిండా 100 కిలోలు పెట్టినా దాని నుంచి బయటికి వచ్చేది మామూలుగా 10 మిల్లీవోల్టులే. లెక్క వేసుకోండి, 10 గ్రాములంటే వోల్టులో పది లక్షల వంతు.

అంత చిన్న సిగ్నల్ ఉన్నచోట తడి చేరితే ఏమవుతుంది? ఒక్కో గేజీలో ఆ అడ్డు 350 ఓములు. దాని పక్కన తడి వల్ల 10 లక్షల ఓముల దారి ఒకటి ఏర్పడిందనుకోండి. మామూలు మీటరు పెట్టి చూస్తే 10 లక్షల ఓములంటే వైరింగ్ బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ అంత లీకేజీ ఒక్క గేజీకి తగిలితేనే ఆ 100 కిలోల లోడ్‌సెల్ దాదాపు 4 కిలోల తేడా చూపిస్తుంది. ఆ తేడా ఒకచోట నిలవదు కూడా, ఎండ తగిలితే తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది.

"మరి ఖాళీ కాటా మీద సున్నానే చూపిస్తోంది కదా" అని మీరు అడుగుతారు. ఇక్కడే అందరం మోసపోతాం. ఎలక్ట్రానిక్ కాటాల్లో పళ్లెం ఖాళీగా ఉన్నప్పుడు అంకె మెల్లగా జరిగితే దాన్ని తనంతట తానే సున్నాకు సర్దుకునే ఏర్పాటు ఉంటుంది. కాబట్టి ఖాళీగా ఉన్నంతసేపు సున్నా సున్నాగానే నిలుస్తుంది. గోతం ఎక్కించాక ఆ సర్దుబాటు పనిచేయదు, అప్పుడు అంకె జరగడం మొదలవుతుంది, కానీ అది చూసే తీరిక మనకు లేదు, రెండు సెకన్లలో రాసుకుని గోతం దించేస్తాం. అందుకే వానలో తడిసిన కాటా మీద తూనికల శాఖ ముద్ర ఉన్న 20 కిలోల గుండు పెట్టి పావుగంట వదిలేయండి. అంకె ఒక్క గీత, అంటే కాటా చూపే అతి చిన్న తేడా, అటూఇటూ అయితే పరవాలేదు, ఒకే దిక్కుకు నడుస్తూ పోతుంటే మాత్రం ఆ కాటాను పక్కన పెట్టేయాలి, బేరం ఎంత తొందరలో ఉన్నా సరే.

ఇక వాటర్‌ప్రూఫ్ సంగతి. ఆ ఒక్క మాటకు కొలత లేదు, కొలత ఉన్నది కాటా పట్టీ మీద రాసే ఐపీ నంబరుకు, లోపలికి దుమ్మూ నీళ్లూ పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే రెండంకెల నంబరు అది. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. 65లో 5 అంటే 6.3 మిల్లీమీటర్ల గొట్టంతో నిమిషానికి పన్నెండున్నర లీటర్ల ధార కొట్టి చూశారని. 6 అయితే పెద్ద గొట్టం, నిమిషానికి 100 లీటర్లు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచి తీశారని. ఒకటి నుంచి 6 దాకా పై అంకెలో కింది అంకె కలిసే ఉంటుంది, 7కు మాత్రం ఆ లెక్క వర్తించదు. మునిగితే తట్టుకునే పెట్టె పైపు ధారకు తట్టుకోవాలని ఏమీ లేదు, రెండూ కావాలంటే పట్టీ మీద 66/67 అని రెండూ రాసి ఉండాలి. వెనక కూర్చున్న చేపల వ్యాపారం వాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. సాయంత్రం ప్రెషర్ పంపుతో కాటాను దగ్గర నుంచి కడిగేది మీరే కదా. దగ్గర నుంచి 80 నుంచి 100 బార్ల ఒత్తిడితో, 80 డిగ్రీల వేడి నీళ్లతో కొట్టి పరీక్షించే అంకె 9. అది మన బజారు కాటాల మీద కనపడదు. మీరు కడగాల్సింది మగ్గుతో, గుడ్డతో. ఇంకొకటి, ఈ పరీక్షలన్నీ మంచినీళ్లతోనే చేస్తారు. ఐసు మీద చల్లిన ఉప్పు నీళ్లు, టమోటా పులుపు, యూరియా కరిగిన తడి ఇవేవీ ఆ నంబరు లెక్కలోకి రావు.

2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి వచ్చింది మనమందరం చూసినదే. బురద నీళ్లు షాపుల్లో గంటలకొద్దీ నిలిచాయి. అరగంట మంచినీళ్ల పరీక్షకు నిలిచిన కాటా దానికి నిలుస్తుందని ఎవరూ చెప్పలేరు. వరదలో మునిగిన కాటా, నంబరు ఏదైనా, విప్పి చూడకుండా వాడకూడదు.

నీళ్లు ఎక్కడ నుంచి దూరతాయి అంటే, చాలామంది మూత వైపు చూస్తారు. నేను ముందు వైరు చూస్తాను. ఎలుక కొరికిన చోటో, టేపు చుట్టిన అతుకో దొరుకుతుంది. ఆ గాయంలో నుంచి నీళ్లు లోపలి సన్నని తీగల వెంట పాకుతూ మీటరు దూరంలో ఉన్న లోడ్‌సెల్ దాకా పోతాయి, పైకి పెట్టె పొడిగానే ఉంటుంది. టేపు అతుకుతో పని నడపొద్దు, వైరు మొత్తం మార్పించండి. డిస్‌ప్లేలోకి వెళ్లే వైరును కిందకు వేలాడేలా వంచి కింది నుంచి ఎక్కించండి, వాన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. చార్జింగ్ పిన్ను రబ్బరు మూత కూడా, చేతికి అడ్డమని పీకి పారేస్తారు, దాంతో 65 అయినా 67 అయినా పోయినట్టే.

రెండోది మన ఎండ. మధ్యాహ్నం ఎండలో ఉన్న ఇనుప పెట్టె 60 డిగ్రీలకు ఎక్కడం కష్టమేమీ కాదు. ఒక్కసారి వాన పడి అది 25కు దిగితే లోపలి గాలి కుంచించుకుని ఒత్తిడి పదో వంతు తగ్గుతుంది. పదో వంతు అంటే మీటరు లోతు నీళ్ల ఒత్తిడితో సమానం. అంటే కాటా నేల మీదే ఉంది, వాన చినుకులే పడ్డాయి, అయినా ఆ రబ్బరు అంచు దగ్గర నీళ్లను లోపలికి లాగే బలం మాత్రం మునిగినంత ఉంది. మంచి పెట్టెలకు గాలి పోయే, నీళ్లు పోని సన్నని పొర ఉన్న చిన్న బిరడా పెడతారు, కొనేటప్పుడు అడగండి. అది లేకపోతే కాటాను ఎండలో వదలకుండా నీడలో పెట్టడమే దారి.

లోపలి తడి సరే, పైన నిలిచిన నీళ్లకూ బరువుంది. రెండడుగుల పళ్లెం, 60 సెంటీమీటర్లు ఇటు, 60 అటు, దాని మీద మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే 360 గ్రాములు. 10 గ్రాముల గీతలున్న 100 కిలోల, కచ్చితత్వంలో మూడో తరగతి కాటాకు 50 కిలోల దగ్గర వాడకంలో చట్టం ఒప్పుకునే తేడా 30 గ్రాములే. ప్రతి తూకానికీ ముందు పళ్లెం తుడిచి సున్నా చూడాలి, హమాలీ అన్నలకు ఇది విసుగే, కానీ తప్పదు. పళ్లెం కింద బురద గడ్డకట్టినా అంతే ప్రమాదం, కొంత బరువును ఆ బురదే మోసేస్తుంది, కాటా తక్కువ చూపిస్తుంది, పోయేది రైతు డబ్బు. నాకు కోపం వచ్చేది ఇక్కడే, ఎందుకంటే వారానికోసారి పళ్లెం ఎత్తి పుల్లతో గీకితే పోయే బురద అది.

తడిసిందని తెలిస్తే వెంటనే స్విచ్ ఆపండి, చార్జర్ పెట్టొద్దు. తడి మీద కరెంటు నడిస్తే గేజీలూ, పిన్నులూ తుప్పు పట్టేది అప్పుడే. సీలు మాత్రం మీరు విప్పొద్దు. 2009 తూనికలు కొలతల చట్టం ప్రకారం రిపేరు లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి, చేశాక మళ్లీ ముద్ర వేయించాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఎలాగూ 12 నెలలకోసారి ముద్ర ఉంది, వాన సీజన్ ముందే అది వేయించుకుంటే మెకానిక్కు వైర్లు, రబ్బర్లు కూడా అప్పుడే చూస్తాడు.

కొత్తది కొనేవాళ్లు లోడ్‌సెల్ నంబరెంత, డిస్‌ప్లే నంబరెంత, నాలుగు లోడ్‌సెల్‌లు ఉంటే వాటి వైర్లు కలిసే జంక్షన్ బాక్సు నంబరెంత అని విడివిడిగా అడగండి. డిస్‌ప్లే మీద 67 అని పెద్ద అక్షరాలతో ఉండి కింద లోడ్‌సెల్‌కు ఏ నంబరూ లేని కాటాలు చాలా చూశాను. గడ్డలకు, ధాన్యానికి సిలికాన్ పూతది చాలు, పట్ట కప్పుకుంటే. చేపల వాళ్లకు మాత్రం చుట్టూ వెల్డింగ్ చేసి మూసిన స్టెయిన్‌లెస్ స్టీలు లోడ్‌సెల్ తీసుకోమనే చెబుతాను, ధర ఎక్కువే, అయినా ఉప్పు నీళ్ల ముందు సిలికాన్ ఎక్కువ కాలం నిలవదు.

ఇంట్లో నుంచి కాటాలు తెచ్చినవాళ్లు ఇటు బల్ల దగ్గరికి తీసుకురండి. ముద్ర ఉన్న 20 కిలోల గుండ్లు రెండున్నాయి, ఒక్కో కాటా మీద పావుగంట చొప్పున పెట్టి చూద్దాం, ఈలోగా ప్రశ్నలుంటే అడగండి.