సీటు కన్నా ముందు మంచం

సభకు నమస్కారం.

ఒడిశాలో మన బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు తల్లిదండ్రులు అడిగేది ఒకటే: మా పిల్లకి నర్సింగ్ సీటు ఇక్కడే ఎందుకు రాదు, విశాఖపట్నం దాకా ఎందుకు పంపాలి? న్యాయమైన ప్రశ్నే. బరంపురంలో మెడికల్ కాలేజీ 1962 నుంచీ ఉంది, కోరాపుట్‌లో 2017లో వచ్చింది. 2014 తర్వాత వచ్చిన మెడికల్ కాలేజీల పక్కన 157 నర్సింగ్ కాలేజీలు పెడతామని కేంద్రం 2023 బడ్జెట్‌లో చెప్పింది. డబ్బుంటే భవనం రెండేళ్ళలో లేస్తుంది. చిక్కంతా రోగి మంచం దగ్గరే వస్తుంది.

లెక్క చూడండి. ఒక విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ నియమం. పడకల్లో 75 శాతమైనా నిండి ఉండాలి. వంద పడకల ఆసుపత్రిలో 75 మంది రోగులుంటే, ఒకేసారి 25 మంది పిల్లలకే చోటు. ఏడాదికి 60 సీట్లిస్తే నాలుగేళ్ళకు కాలేజీలో 240 మంది. క్లాసులు, షిఫ్టులు, ఊళ్ళ పోస్టింగులు కలిపి ఎంత తిప్పినా ఆ 25 మంది చోటు చాలదు. అదే వార్డులో ఎంబీబీఎస్ వాళ్ళు, హౌస్ సర్జన్లు, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పిల్లలూ ఉంటారు. ఒకే మంచాన్ని రెండు కాలేజీల కాగితాల్లో చూపించే తెలివితేటలు మనకు కొత్త కాదు.

అప్పుడేమవుతుందంటే, మంచం చుట్టూ ఎనిమిది మంది నిలబడతారు. ఒక్క పిల్ల నరంలోకి కాన్యులా (సన్నటి గొట్టం) పెడుతుంది, మిగతా ఏడుగురు చూస్తారు. లాగ్‌బుక్‌లో మాత్రం ఎనిమిది సంతకాలు పడతాయి. రేపు ఏ మోహన కొండల్లోనో రక్తస్రావమై వచ్చిన బాలింతకు నరం దొరకనప్పుడు, ఆ ఏడుగురిలో ఒకతె ఒంటరిగా డ్యూటీలో ఉంటుంది.

లేబర్ రూమ్‌లో ఇంకా కష్టం. నెలకు 60 పురుళ్ళు జరిగే ఆసుపత్రి ఒకటుందనుకోండి. బ్యాచిలో 40 మంది, తలా పది పురుళ్ళు తమ చేతులతో చేయాలంటే 400 కావాలి. సిజేరియన్లు, పెద్దాసుపత్రికి పంపినవి పోగా, మిగిలినవి సగానికి సగం రాత్రే అవుతాయి. పగటి డ్యూటీలు మాత్రమే వేస్తే ఏడాది దాటినా ఆ 400 పూర్తికావు. అందుకే హాస్టల్ ఆసుపత్రి గోడకు ఆనుకొని ఉండాలి. ఐదు కిలోమీటర్ల అవతల చవగ్గా స్థలం దొరికిందని అక్కడ కడితే, రాత్రి రెండింటికి పురుడొచ్చినప్పుడు పిల్లలెవరూ ఉండరు.

మన కొండ ప్రాంతాలకు నియమాల్లో ఒక వెసులుబాటుంది. పిల్లలు శిక్షణకు వెళ్ళే అనుబంధ ఆసుపత్రి మామూలుగా కాలేజీకి 15 నుంచి 30 కిలోమీటర్లలో ఉండాలి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 50 దాకా ఒప్పుకుంటారు. దీన్ని సరిగా వాడుకుంటే సబ్‌డివిజన్ ఆసుపత్రులూ, సీహెచ్‌సీలూ (సామాజిక ఆరోగ్య కేంద్రాలూ) శిక్షణ కేంద్రాలవుతాయి. ఊరికే పంపితే కుదరదు. అక్కడ నేర్పే స్టాఫ్ నర్సును ముందే గుర్తించాలి. షిఫ్టుకు ఒకరిద్దరిని మించి ఆమెకు అప్పగించకూడదు, చేసే పనికి భత్యమివ్వాలి. ఉదయం డ్యూటీ మార్పు ఎనిమిదింటికైతే, బస్సు తొమ్మిదిన్నరకు దింపకూడదు. రాత్రి సిస్టర్ పగటి సిస్టర్‌కు మంచం మంచం తిరిగి అప్పగించే ఆ ఇరవై నిమిషాల్లో నేర్చుకునేది ఏ క్లాసులోనూ రాదు.

ఇక పాఠం చెప్పేవాళ్ళు. పదిమందికి ఒకరు చొప్పున 240 మందికి 24 మంది. బీఎస్సీ నాలుగేళ్ళు, ఉద్యోగం ఒక ఏడాది, ఎమ్మెస్సీ రెండేళ్ళు: ఈరోజు చేరిన పిల్ల ఎమ్మెస్సీతో పాఠం చెప్పడానికి తక్కువలో తక్కువ ఏడేళ్ళు పడుతుంది. సీట్లు ఇప్పుడే పెంచి, టీచర్లను తర్వాత చూసుకుందామంటే ఆ ఏడేళ్ళూ ఎవరు చెబుతారు?

నర్సులొక్కరే కాదు. 2021 చట్టం అనుబంధ వైద్య వృత్తులన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చింది. టెక్నీషియన్ల లాంటి అనుబంధ వృత్తులకు కనీసం 2,000 గంటలు, థెరపిస్టుల లాంటి ఆరోగ్య వృత్తులకు 3,600 గంటల చదువు ఉండాలంది. గంటలు పెట్టారు బాగానే ఉంది, ఆ గంటల్లో చేతికి ఏ పని తగులుతుందన్నదే చూడాలి. మన కొండల్లో సికిల్‌సెల్ ఎక్కువ, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు. దీని నిర్మూలన మిషన్ 2023లో మొదలైంది. రక్తపు చుక్కను ద్రావణంలో కలిపి చూసే సొల్యుబిలిటీ పరీక్షలో గొట్టం వెనక గీతలు కనబడకపోతే పాజిటివ్. అయితే రక్తం మరీ తక్కువున్న మనిషికీ, ఆరు నెలల లోపు పసిబిడ్డకీ అది తప్పుగా నెగెటివ్ చూపొచ్చు. పాజిటివ్ వచ్చినా, వాహకమా (జబ్బు లేకుండా దాని జన్యువును మోసే మనిషా), జబ్బా అన్నది అది చెప్పదు. అందుకు హెచ్‌పీఎల్‌సీ అనే, రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్ష కావాలి. ఆ యంత్రం లేని ల్యాబులో చదివిన టెక్నీషియన్ పెళ్ళీడు పిల్లకు ఫలితం చెప్పే ఏ సికిల్‌సెల్ కార్డు రాసిస్తాడు?

ఆ కార్డు చూపించి ఇంట్లోవాళ్ళతో మాట్లాడాల్సింది సోషల్ వర్క్ చదివినవాళ్ళు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇది తెలుగులో చెబితే సవర గిరిజనుల ఇంటికి సగమే చేరుతుంది, ఒడియాలో చెప్పినా అంతే. పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని వందేళ్ళు దాటింది. మన సోషల్ వర్క్, నర్సింగ్ కోర్సుల్లో రోగి భాషకు వారానికి రెండు గంటలు దొరకవా? సవర పిల్లలకే కొన్ని సీట్లిస్తే ఇంకా మేలు.

మన తెలుగు పిల్లల విషయంలో ఒక హెచ్చరిక. ఒడిశా ప్రభుత్వోద్యోగానికి ఒడియా చదవడం, రాయడం రావాలి. తెలుగు మీడియం వాళ్ళు ఇంటర్‌లోనే ఆ పరీక్ష సంగతి చూసుకోవాలి. ఇక్కడ చదివి శ్రీకాకుళంలో పనిచేయాలంటే, నర్సుల రిజిస్ట్రేషన్ ఒడిశా నర్సింగ్ కౌన్సిల్ నుంచి ఆంధ్ర కౌన్సిల్‌కు మార్చుకోవాలి. నో అబ్జెక్షన్ కాగితం కోసం ఉద్యోగం చేతికొచ్చాక పరుగెత్తకండి.

సీట్లు పెంచమని వినతిపత్రం ఇచ్చేటప్పుడు మూడు కాగితాలు జతచేయండి: మీ ఆసుపత్రిలో పన్నెండు నెలల పడకల లెక్క, లేబర్ రూమ్ రిజిస్టర్ నుంచి రాత్రి పురుళ్ళ సంఖ్య, నేర్పడానికి ఒప్పుకున్న స్టాఫ్ నర్సుల జాబితా. పేషెంట్ల పేర్లు కొట్టేసి ఇవ్వండి.