ఫోను ఎత్తని ఓటరు: స్వింగ్ రాష్ట్రాల అంచనాలు ఎందుకు తప్పుతున్నాయి?

సభాధ్యక్షులకు, గణాంకశాస్త్ర విభాగం ఆచార్యులకు, ఈ ఉక్కపోతలోనూ హాలు నిండా కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. జూన్ 29 గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ పుట్టినరోజు, జాతీయ గణాంక దినోత్సవం. ఈ రోజున ఆయన గురించి మాట్లాడటం మర్యాద. ఆయన దగ్గరికే వస్తాను, అయితే అమెరికా మీదుగా వస్తాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుని, మహలనోబిస్ దగ్గర పనిచేసి, తర్వాత పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన సి.ఆర్. రావుగారిని తలచుకోకుండా తెలుగునాట ఈ దినోత్సవం జరగదు. ఆ పెన్సిల్వేనియాయే ఇవాళ అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ప్రపంచమంతా కళ్ళప్పగించి చూసే రాష్ట్రం.

అక్కడి పద్ధతి మీకు తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. రాష్ట్రాలవారీగా పంచిన మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 వచ్చినవారు అధ్యక్షులవుతారు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగిలిన రాష్ట్రాలన్నిటిలోనూ ఒక్క ఓటు మెజారిటీ వచ్చినా ఆ రాష్ట్రం వాటా అంతా గెలిచినవారికే పోతుంది. చాలా రాష్ట్రాలు ఎటు మొగ్గుతాయో ముందే తెలుసు. 2024లో పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా అనే ఏడు రాష్ట్రాలు, వాటి 93 ఓట్లు మాత్రమే అటూ ఇటూ ఊగాయి; స్వింగ్ రాష్ట్రాలంటే ఇవే. ఈ ఏడింటి మీద వచ్చినన్ని సర్వేలు మిగతా రాష్ట్రాలన్నిటి మీదా కలిపినా రావంటే అతిశయోక్తి కాదు. అయినా అంచనాలు పదేపదే తప్పాయి, అదీ ఒకే వైపుకు తప్పాయి. ఎందుకు తప్పాయన్నదే నా బాధ.

నేను కొన్నేళ్ళు విస్కాన్సిన్‌లో ఉద్యోగం చేశాను. ఫాక్స్ నది వెంబడి కాగితం మిల్లులున్న ప్రాంతమది. మా పక్కింట్లో మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరుండేవారు. 2016 అక్టోబరులో ఒక సాయంత్రం వాళ్ళింట్లో కాఫీ తాగుతూ కూర్చున్నాం. బల్ల మీద ఆయన ఫోను మోగింది. తెలియని నంబరు. ఆయన ఫోనును బోర్లా తిప్పి, దాని మీద ఆ వారం కిరాణా కొట్టు వాళ్ళు పంచిన రంగుల కాగితం కప్పి, మాట కొనసాగించారు. కాసేపటికి మళ్ళీ మోగింది, మళ్ళీ అంతే. సర్వే వాళ్ళయి ఉంటారు, రోజూ ఇదే గొడవ అన్నారు. ఎవరికి వేస్తున్నారని నేను అడగలేదు; పక్కింటివాళ్ళను అడిగే మాట కాదది. కానీ వాళ్ళ పెరట్లో ఏ బోర్డూ లేదు, కారు మీద ఏ స్టిక్కరూ లేదు. ఆ వీధి పొడుగునా అలాంటి ఇళ్ళే ఎక్కువ.

ఆ ఎన్నికకు వారం ముందు మార్కెట్ (Marquette) విశ్వవిద్యాలయం న్యాయ కళాశాల వారు జరిపిన సర్వే హిల్లరీ క్లింటన్‌కు 46, ట్రంప్‌కు 40 శాతం చూపించింది. ఆ రాష్ట్రంలో అంతకంటే పేరున్న సర్వే లేదు, శ్రద్ధగా చేసేవారే. క్లింటన్ అభ్యర్థిత్వం ఖరారయ్యాక ప్రచారానికి విస్కాన్సిన్ గడప తొక్కలేదు. లెక్క తేలాక ట్రంప్ 22,748 ఓట్లతో గెలిచారు. 1984లో రీగన్ తర్వాత ఆ రాష్ట్రాన్ని గెలిచిన మొదటి రిపబ్లికన్ ఆయనే. మిషిగన్‌లో తేడా 10,704, పెన్సిల్వేనియాలో సుమారు 44 వేలు. దేశం మొత్తం మీద దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ తెచ్చుకున్న అభ్యర్థి, ఈ మూడు రాష్ట్రాల్లో కలిపి 80 వేల లోపు తేడాతో ఓడిపోయారు.

ఇక్కడ రెండో సంవత్సరం విద్యార్థులు నాతోపాటు ఒక లెక్క వేయండి. వెయ్యిమంది నమూనాకు మార్జిన్ ఆఫ్ ఎర్రర్, అంటే అంచనా అటూ ఇటూ తప్పగలిగే మేర, మూడు శాతమని పత్రికలు అచ్చువేస్తాయి. అది ఒక్క అభ్యర్థి వాటాకు. ఇద్దరి మధ్య తేడాకు అది దాదాపు రెట్టింపవుతుంది. విస్కాన్సిన్‌లో అసలు తేడా 0.77 శాతం. అంత చిన్న తేడాను 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే సుమారు 65 వేలమందిని అడగాలి. ఒక్క రాష్ట్రంలో, ఒక్క సర్వేకు అంతమందిని ఎవరు అడగగలరు? సరే, అడిగారనే అనుకుందాం. మా పక్కింటి పెద్దాయన ఫోను అప్పుడూ కాగితం కిందే ఉంటుంది. 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుని, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని చెప్పింది. టెలిఫోను డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకున్న చిరునామాలవి. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. నమూనా పెద్దదైనంత మాత్రాన దోషం పోదని మన పాఠ్యపుస్తకాల్లో మొదటి అధ్యాయంలోనే రాసి ఉంది.

అప్పుడు ఫోను ఉన్నవాళ్ళను మాత్రమే అడగడం దోషమైతే, ఇప్పుడు ఫోను ఎత్తేవాళ్ళను మాత్రమే వినడం దోషం. ప్యూ రిసెర్చ్ సెంటర్ ఫోను సర్వేల్లో 1997లో నూటికి 36 మంది జవాబిచ్చేవారు, 2018 నాటికి ఆ సంఖ్య ఆరుకు పడిపోయింది. మిగిలిన 94 మంది కూడా ఈ ఆరుగురి లాంటివాళ్ళేనని అనుకుంటేనే ఆ మూడు శాతం లెక్క నిలుస్తుంది. 2016 తర్వాత అమెరికా సర్వే నిపుణుల సంఘం విచారణ జరిపి, డిగ్రీ చదివినవాళ్ళు సర్వేలకు ఎక్కువగా జవాబిచ్చారని, వారు క్లింటన్ వైపు మొగ్గారని, చాలా రాష్ట్ర సర్వేలు చదువును బట్టి వెయిటింగ్ (జనాభాలో వారి వాటాకు తగ్గట్టు జవాబులను సరిదిద్దడం) చేయలేదని తేల్చింది. చివరి వారంలో మనసు నిర్ణయించుకున్నవారు విస్కాన్సిన్‌లో ఎక్కువగా ట్రంప్ వైపు వెళ్ళారని కూడా చెప్పింది. మంచిదే. మరి 2020కి చాలామంది చదువును లెక్కలో చేర్చారు. ఏమైంది? విస్కాన్సిన్‌లో సర్వేల సగటు బైడెన్‌కు ఎనిమిది శాతం ఆధిక్యం చూపిస్తే, ఆయన గెలిచింది 20,682 ఓట్లతో, అంటే 0.63 శాతంతో. నలభై ఏళ్ళలో అంత పెద్ద దోషం రాలేదని అదే సంఘం ఒప్పుకుంది. జవాబిచ్చిన రిపబ్లికన్లు, జవాబివ్వని రిపబ్లికన్లు ఒకే తీరువారు కాకపోయి ఉండవచ్చని అనుమానించింది కానీ, కారణమిదీ అని తేల్చలేకపోయింది. జవాబివ్వనివారి గురించిన సమాచారం జవాబిచ్చినవారి దగ్గర దొరకదు కదా!

వెనక వరుసల్లో ఉన్న పిల్లలను అడుగుతున్నాను. కిందటిసారి ఎన్నికలప్పుడు మీ ఇంటికి సర్వే అంటూ ఎవరో వస్తే మీ నాన్నగారు నిజం చెప్పారా? మీ అమ్మగారిని ఎవరైనా అడిగారా? చేతులెత్తనక్కరలేదు, ఒక్కసారి గుర్తు చేసుకోండి. 2024 జూన్ 1న మన ఎగ్జిట్ పోల్స్‌లో చాలావరకు ఎన్డీయేకు 350కి పైగా స్థానాలిచ్చాయి, వచ్చింది 293. అమెరికావాళ్ళ తప్పుల మీద మనం జాలి చూపించాల్సిన పని లేదు.

నేను మొదట అనుకున్న క్రమం ఇది కాదు, తపాలా ఓట్ల లెక్కింపు గురించి, టీవీల తొందరపాటు గురించి కూడా చెప్పాలనుకున్నాను. అవి వదిలేస్తాను. దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది.

రాష్ట్రాల దోషాలు ఒకదానితో ఒకటి చేయి పట్టుకుని నడుస్తాయి. ఏడు నాణేలు ఎగరేస్తే ఏడూ ఒకే వైపు పడే అవకాశం 64లో ఒకటి. రాష్ట్రాలు నాణేలు కావు. విస్కాన్సిన్‌లో ఫోను ఎత్తని కాగితం మిల్లు కార్మికుడు, పెన్సిల్వేనియాలో ఉక్కు మిల్లు కార్మికుడు, మిషిగన్‌లో కార్ల ఫ్యాక్టరీ కార్మికుడు దాదాపు ఒకే తీరు మనుషులు. 1992 నుంచి ఈ మూడు రాష్ట్రాలూ ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ ఒకే పార్టీకి ఓటేశాయి. ఒకచోట తప్పిన సర్వే మూడుచోట్లా తప్పుతుంది. 2016లో హఫింగ్‌టన్ పోస్ట్ వార్తా సంస్థ క్లింటన్‌కు 98 శాతం గెలుపు అవకాశమిచ్చింది, ఎన్నికల అంచనాలు వేసే నేట్ సిల్వర్ 71 శాతమే ఇచ్చారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నవి దాదాపు అవే సర్వేలు. దోషాలు కలిసి నడుస్తాయన్న సంగతికి ఎంత చోటిచ్చారన్న దగ్గరే ప్రధానంగా తేడా వచ్చింది. ఆ 71నే చాలామంది గెలుపుగా చదువుకున్నారు. పదిసార్లలో మూడుసార్లు జరిగేది వింత కాదని మనమైనా గట్టిగా చెప్పాలి. 2024లో ఏడు రాష్ట్రాల్లో సర్వేల సగటు రెండు మూడు శాతంలోపు పోటాపోటీగా కనిపించింది. ఏడూ ట్రంప్‌కే వెళ్ళాయి, 312 ఓట్లు వచ్చాయి. ఈసారి దోషం చిన్నదే, కానీ మళ్ళీ అదే వైపుకు.

ఇప్పుడు మహలనోబిస్ దగ్గరికి వస్తాను. బెంగాల్ జనపనార పంట సర్వేల్లో ఆయన ఒకే ప్రాంతానికి రెండు వేర్వేరు బృందాలను, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా పంపి, రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూసేవారు. తేడా ఎక్కువగా వస్తే అది నమూనా వల్ల వచ్చింది కాదు, అడిగిన మనిషి వల్లో అడిగిన పద్ధతి వల్లో వచ్చిందని పట్టుకునేవారు. తన సర్వేలో తప్పు ఎక్కడ దాగి ఉందో వెతకడానికి సర్వే సొమ్ములోనే కొంత ఖర్చు పెట్టిన మనిషి ఆయన. ఇవాళ ఒక్కో స్వింగ్ రాష్ట్రంలో డజన్లకొద్దీ సంస్థలు సర్వేలు చేస్తున్నాయి, అందరి అంకెలూ దగ్గరదగ్గరగా వస్తున్నాయి, దాన్ని కచ్చితత్వానికి గుర్తుగా చూపిస్తున్నారు. అందరూ ఎత్తే ఫోన్లనే లెక్కిస్తున్నప్పుడు అంకెలు దగ్గరగా రాక ఎక్కడికి పోతాయి?

విభాగాధిపతిగారికి ఒక విన్నపం. మీ మూడో సంవత్సరం విద్యార్థులు ఏటా ఈ పట్టణంలో ఇంటింటి సర్వే చేస్తారని విన్నాను. ఈసారి నివేదిక మొదటి పేజీలో ఫలితాల కంటే ముందు ఎన్ని తలుపులు తట్టారు, ఎన్ని తెరుచుకోలేదు, తెరిచినవాళ్ళలో ఎందరు చెప్పం పొమ్మన్నారు అన్న మూడు అంకెలు అచ్చువేయించండి. తెరుచుకోని ఇళ్ళలో కొన్నిటికి, ఆదివారం పొద్దున ఇంకొక జట్టును మళ్ళీ పంపించండి. ఆ జట్టుకయ్యే ఆటో ఖర్చులు నేను ఇస్తాను.