పిడిలో పలుచని బిళ్ళ

శ్రోతలకు నమస్కారం.

నేను చేసిన మొదటి కత్తి పిడి ఏప్రిల్ నెలలో చీలింది. చేసింది అంతకుముందు ఆగస్టులో, ముసురు పట్టిన రోజుల్లో. చింత చేవ అది. ముదురు గోధుమరంగు మీద ఊదా చారలు, చేతిలోకి తీసుకుంటే రాయిలా ఉండేది. కత్తి తోక, అంటే పిడిలోకి దూరే సన్నని ఇనుప కాడ, బిగుతుగా కూర్చోవాలని రంధ్రం సరిగ్గా దాని కొలతకే వేశాను. సుత్తితో కొట్టి దించాను. ఎండలు ముదిరాక ఒక ఉదయం చూస్తే పిడి పొడవునా వెంట్రుక వాసి గీత. వారం తిరిగేసరికి అందులో గోరు దూరేంత సందు.

చెట్టును కోసినా చెక్క గాలిలోని తేమతో సంబంధం తెంచుకోదు. పీల్చి ఉబ్బుతుంది, వదిలి కుంచించుకుపోతుంది. నార పొడవునా ఆ మార్పు లెక్కలోకి రానంత తక్కువ. నారకు అడ్డంగానే ఎక్కువ. అడ్డంలోనూ వలయాల వెంబడి వచ్చే కుదింపు, నడిమి నుంచి బెరడు వైపు వచ్చే కుదింపుకు ఇంచుమించు రెట్టింపు. తేమ పెరిగినా తగ్గినా ఇనుము మాత్రం కదలదు. పచ్చి ఆరని చెక్క కడుపులో బిగుతుగా ఇనుప కాడ దించితే, కుదించుకోవడానికి చోటు లేక అది చీలింది.

మన కమ్మరులకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. కొడవలి తోకను కాల్చి పిడిలోకి దించుతారు. చెక్క దాని చుట్టూ మాడి, కాడకు తగిన చోటు ఏర్పడుతుంది. పిడి మూతికి ఇనుప పొన్ను తొడుగుతారు, రోకలికి తొడిగినట్టే. చీలిక మొదలయ్యే చోటే ఆ పొన్ను చెక్కను పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు కత్తి పిడులు ముచ్చటపడి చేసుకునేవాళ్ళు ఆ మూతి దగ్గరే ఇంకొకటి పెడతారు. స్పేసర్ అంటారు. నేను బిళ్ళ అంటాను. పిడి మూతికి పెట్టే ఇత్తడి దిమ్మకూ చెక్కకూ నడుమ, లేదా రెండు రకాల చెక్కలకు నడుమ, ఒక మిల్లీమీటరో అంతకన్నా తక్కువో మందం ఉన్న పలుచని ముక్క. చూసినవాళ్ళు సోకు అనుకుంటారు. సోకు నిజమే, కానీ అది పని కూడా చేస్తుంది. రెండు గట్టి ముఖాలను ఎంత నున్నగా అరగదీసినా ఎక్కడో ఒకచోట వెలుగు తొంగిచూస్తుంది. తోలో, ఫైబర్ అనే గట్టి కాగితపు రేకో నడుమ ఉంటే, బిగించినప్పుడు కాస్త నలిగి ఆ సందును మూసేస్తుంది. కడిగిన నీళ్ళు లోపలి ఇనుము దాకా పోవు.

ఉత్తరాది చలిదేశాల్లో ఈ పనిని చాలా దూరం తీసుకెళ్ళారు. ఫిన్లండులో పూక్కో అనే నడుము కత్తి ఉంది. దాని పిడిని కొందరు పూర్తిగా బర్చ్ బెరడుతోనే చేస్తారు. మనం భూర్జపత్రం అంటామే, ఆ జాతి చెట్టే. బెరడు బిళ్ళలను కత్తి తోకకు ఒకదాని మీద ఒకటి గుచ్చి, గట్టిగా అదిమి, చివర ఇనుమును చదును చేసి బిగిస్తారు. ఆ తర్వాత చెక్కను చెక్కినట్టే చెక్కుతారు. తడిచేత్తో పట్టుకున్నా జారదు, మంచులో చేతికి చల్లగా తగలదు. 1942లో అమెరికా మెరైన్ సైనికుల కోసం ఎంపిక చేసిన కత్తి పిడి కూడా ఇలాగే పేర్చిన తోలు బిళ్ళలదే. ఆ పిడిలో పట్టు అంతా బిళ్ళలదే, చెక్క అసలు లేదు.

ఇళ్ళల్లో చేసుకునేవాళ్ళు ఎక్కువగా వాడేది వల్కనైజ్డ్ ఫైబర్. నూలు గుజ్జు కాగితాన్ని జింక్ క్లోరైడులో నానబెట్టి ఒత్తితే గట్టి రేకులా తయారవుతుంది. 1859లోనే ఇంగ్లండులో పేటెంటు పొందిన సరుకు. ఎర్ర ఫైబర్ వాషరు అంటే ప్లంబర్లు వెంటనే గుర్తుపడతారు. గేదె కొమ్ము, ఇత్తడి రేకు, రాగి రేకు కూడా బాగుంటాయి. నాకైతే ఇత్తడి పక్కన నల్ల ఫైబర్ ఒకటి, ఆ తర్వాత చెక్క, అంతే నచ్చుతుంది. అరడజను రంగులు పేర్చిన పిడులు చూశాను. వాటి మీద చూపు ఎక్కడా నిలవదు. ఇక ఎర్రచందనం సంగతి. శేషాచలం మన ముంగిట్లోనే ఉంది కాబట్టి చాలామంది అడుగుతారు. అటవీశాఖ అనుమతి కాగితాలు లేని ముక్కను నేను ముట్టుకోను, మీరూ ముట్టుకోవద్దు.

అసలు కష్టం ముఖాలు చదును చేయడంలో ఉంది. గాజు పలక మీద గరుకు కాగితం అంటించి, చెక్క ముక్కను నిలువుగా పట్టుకుని, ఒకే దిశలో రుద్దాలి. ముందుకూ వెనక్కూ లాగితే అంచులు గుండ్రమవుతాయి. రెండు ముఖాలూ ఆనించి దీపానికి ఎదురుగా పట్టి చూడాలి. రంధ్రం తోక కన్నా కొంచెం వదులుగా వేసి, మిగిలిన చోటు ఎపాక్సీ జిగురుతో నింపాలి. ఇరుగుడు, అంటే రోజ్‌వుడ్ లాంటి నూనె చెక్కను అంటించే ముందు ఎసిటోన్‌తో తుడవాలి, లేకపోతే జిగురు పట్టదు. బిగింపులో మరీ పిండెయ్యకూడదు, జిగురంతా బయటికి పోతుంది. ఒక రోజంతా కదపకుండా వదిలెయ్యాలి.

అరగదీసేటప్పుడు ఇత్తడి వేడెక్కి పక్కనున్న జిగురును మెత్తబరుస్తుంది. పసుపుపచ్చని ఆ పొడి లేత రంగు చెక్క రంధ్రాల్లో దూరితే మురికిగా కనిపిస్తుంది. అందుకే చివరి మెరుగు మెల్లగా, చేత్తోనే పెట్టాలి. ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఇరుగుడు పొడి చాలామందికి దద్దుర్లు తెస్తుంది. పైపూతకు అవిసె నూనె చాలు. కానీ ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడెయ్యకండి. అది తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. విడదీసి ఆరబయట ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచండి.

మొదటి పిడి చీలిన తర్వాత నాకు ఒక అలవాటు వచ్చింది. కొత్త ముక్క తెచ్చిన రోజే రెండు చివరలకూ మైనం పూస్తాను, తడి ఎక్కువగా అక్కడి నుంచే పోతుంది కాబట్టి. తర్వాత ప్రతి ఆదివారం వంటింటి త్రాసులో తూచి, బరువును ముక్క మీదే పెన్సిలుతో రాస్తాను. ఇప్పుడు నా బల్ల మీద మళ్ళీ ఒక చింత ముక్క ఉంది. పోయిన ఆదివారం 152 గ్రాములు, ఈ ఆదివారం 151. ఆ అంకె కదలకుండా నిలిచేదాకా దానికి రంధ్రం వేయను. నల్ల ఫైబర్ బిళ్ళ మాత్రం కోసి పక్కన పెట్టుకున్నాను.