మన సామాను మనమే పట్టుకెళ్దాం

అందరికీ నమస్కారం. ఆదివారం పూట రుషికొండ దాకా వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను. వేరేవాళ్ళ వెబ్ పేజీల్లో నడిచే మన జావాస్క్రిప్ట్ కోడ్, ఆ పేజీలోని మిగతా కోడ్ వల్ల పాడవకుండా ఎలా చూసుకోవాలన్నదే ఆ విషయం.

మేం రాసిన ఒక చిన్న లైబ్రరీ వేరేవాళ్ళ సైట్లలో ఫారం చూపించి, నింపిన వివరాలు సర్వర్‌కి పంపుతుంది. ఒక కస్టమర్ సైట్ నుంచి మాత్రం అర్రే, అంటే విలువల జాబితా, రావాల్సిన చోట స్ట్రింగ్, అంటే ఉత్త అక్షరాల వరస, వచ్చేది. రెండు రోజులు టెన్షన్‌తో సర్వర్ కోడ్ అంతా తిరగేశాం. తప్పు అక్కడ లేదు. ఆ పేజీలో ప్రోటోటైప్ అనే పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఉంది, 1.7కి ముందు వెర్షన్. అది అర్రేలన్నిటికీ టుజేసన్ అనే మెథడ్, అంటే వాటి మీద పిలిచే ఫంక్షన్, తగిలిస్తుంది. డేటాని జేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చే, బ్రౌజర్‌లోని జేసన్.స్ట్రింగిఫై ఆ టుజేసన్‌ని చూసి ముందు దాన్నే పిలుస్తుంది, అది ఇచ్చిన స్ట్రింగ్‌కి మళ్ళీ కోట్స్ పెడుతుంది.

పెళ్ళికి వండడానికి వెళ్ళే వంటమాస్టారు తన గరిటెలు తనే తెచ్చుకుంటాడు కదా, మన కోడ్ కూడా అలాగే వెళ్ళాలి. బ్రౌజర్ ఇచ్చే ఫంక్షన్లను పేజీలోని ఏ స్క్రిప్టైనా మార్చేయొచ్చు, కాబట్టి లోడ్ అవగానే కావాల్సిన ఫంక్షన్లను మన వేరియబుల్స్‌లో దాచుకోవాలి. ఉదాహరణకి, అర్రేలో ముక్క తీసే స్లైస్‌ని దాచుకుని డాట్ కాల్ అనే మెథడ్‌తో పిలిస్తే చాలదు, ఆ కాల్‌ని కూడా ఎవరైనా మార్చేయొచ్చు. అందుకే ఏ ఫంక్షన్‌నైనా పిలవగలిగే రిఫ్లెక్ట్.అప్లైని కూడా ముందే దాచుకుని, దాంతో పిలవండి. బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ తన లోపలి కోడ్ కోసం ఇలా దాచుకున్న వాటినే ప్రిమోర్డియల్స్ అంటుంది. ఫర్-ఆఫ్ లూప్‌తో కూడా జాగ్రత్త, అది అర్రే ప్రోటోటైప్‌లోని ఇటరేటర్ మీద ఆధారపడుతుంది. ఈ ప్రోటోటైప్ అంటే ఇందాకటి లైబ్రరీ కాదు, అర్రేలన్నీ పంచుకునే మెథడ్లు ఉండే చోటు; ఇటరేటర్ అంటే విలువలను ఒక్కొక్కటిగా అందించేది. ఇండెక్స్‌తో తిరిగే పాత ఫర్ లూప్‌కి ఆ బెడద లేదు.

అయితే మా బగ్‌కి ఇదేదీ పనికిరాలేదు! స్ట్రింగిఫై అసలైనదే, పాడైంది అది టుజేసన్ కోసం వెతికే చోటు, అంటే అర్రే ప్రోటోటైప్. పంపే ప్రతి అర్రే మీదా టుజేసన్‌కి అన్‌డిఫైన్డ్, అంటే విలువ లేదని, పెట్టాకే సరిపోయింది.

మనకంటే ముందే వేరే స్క్రిప్ట్ నడిచి ఉంటే? ఖాళీ ఐఫ్రేమ్, అంటే పేజీలో ఇంకో చిన్న పేజీ, పెట్టి అందులోంచి తాజా ఫంక్షన్లు తీసుకోవచ్చు, కానీ అక్కడ పుట్టిన అర్రేని మన పేజీలో ఇన్‌స్టాన్స్‌ఆఫ్ అనే తనిఖీ అర్రే కాదంటుంది, అర్రే.ఈజ్‌అర్రే మాత్రం ఔనంటుంది. ఏం చేసినా, పేజీలో ముందు నడిచినవాడిదే పైచేయి, ఇది దాచకుండా కస్టమర్‌కి చెప్పాలి.

ఇంకొకటి, మనం మాత్రం ప్రోటోటైప్‌ల జోలికి వెళ్ళొద్దు, దయచేసి. మూటూల్స్ అనే పాత లైబ్రరీ, లోపలి అర్రేలను విప్పి ఒకటిగా చేసే తనదైన ఫ్లాటెన్‌ని అర్రేకి తగిలించింది. 2018లో బ్రౌజర్‌లో అదే పేరు పెట్టి చూస్తే ఒక సైట్ విరిగింది, దాంతో జావాస్క్రిప్ట్ భాషలో పేరే ఫ్లాట్‌గా మారింది. ఎప్పుడో రాసిన కోడ్ ప్రపంచంలో అందరూ వాడే పేరుని మార్పించింది!

ఇప్పుడు లాప్‌టాప్‌లు తీయండి. ముందుగా బిల్టిన్‌లను, అంటే బ్రౌజర్ ముందే ఇచ్చే ఫంక్షన్లను, కావాలనే పాడుచేసే ఒక పేజీ రాసి, మీ లైబ్రరీని అందులో నడిపి చూద్దాం.